సాంచెలు ఆగిన రోజు తీసిన ఫోటో

మా గోడ మీద నలుగురు దేవుళ్లు, ఒక తమ్ముడు ఉండేవాళ్లు. దేవుళ్లందరికీ ముఖాలు ఉన్నాయి. తమ్ముడికి లేదు.

ఇది నేను పెంచి చెబుతున్న మాట కాదు. నేను పెంచి చెప్పేటప్పుడు మీకే తెలిసిపోతుంది, ఎందుకంటే అందులోకి ఏనుగులు వస్తాయి. ఆ ఫోటోలో నిజంగానే ముఖం లేదు. జరీ టోపీ ఉంది, సిల్కు చొక్కా ఉంది, వెండి కడియాల కాళ్లు ఉన్నాయి. మెడ దాకా బుద్ధిమంతుడైన పిల్లవాడు కుర్చీలో కూర్చున్నాడు. మెడ పైన మాత్రం దూది పొగ. ఫోటో తీసే ఆయన గిలక్కాయ ఆడించగానే వాడు అటు తిరిగాడట, వెంటనే ఇటు తిరిగాడట. రెండు ముఖాలూ కలిసి ఏ ముఖమూ కాకుండా పోయాయి. ఆ వానాకాలంలోనే జ్వరం వచ్చి వాడు చనిపోయాడు. అప్పటికి నేను ఎంత చిన్నదాన్నంటే, నాకు వాడు ఒక వాసనగా మాత్రమే గుర్తున్నాడు: కొబ్బరినూనె, పాలు, తడిసిన మెత్త గుడ్డ. ముఖం నాకూ గుర్తు లేదు.

మా నాయినమ్మ ఈ రెండు సంగతులనూ ఒకే పోగుతో ముడి వేసేసింది.

"ముఖం చెరిగినంక మనిషి ఎట్ల ఉంటడే? ఆ ఫోటో డబ్బ ముందుగాల ముఖం మింగింది, ఎనుకనే పోరణ్ని మింగింది."

మా అమ్మను మేం అవ్వ అని పిలిచేవాళ్లం. అవ్వ లెక్క వేరు. "పోవుడు ఎట్లైన పోయిండు అత్తమ్మా. ఆ గిలక ఆడియ్యకపోతే నా కొడుకు ముఖమన్న నాకు మిగులుతుండె."

ఇద్దరూ అదే ఫోటో చూసేవాళ్లు. ఒకరికి భయం, ఒకరికి కరువు. మధ్యలో నేను. నాకు అప్పుడు ఏడేళ్లో ఎనిమిదేళ్లో. నేను నాయినమ్మ పక్కలో పడుకునేదాన్ని కాబట్టి ఆవిడ లెక్కే నాకు ఎక్కింది.

మేం ఉండేది థానా దగ్గరి భివండీలో, కనేరి అనే పేటలో, వరసగా గదులుండే ఒక చాల్‌లో. మా గదికి ఇటువైపు గోడ అవతల సాంచెల కార్ఖానా, అటువైపు గోడ అవతల ఇంకో సాంచెల కార్ఖానా, ఎదురుగా సందు దాటితే మూడోది. సాంచె అంటే కరెంటు మగ్గం. ఒక సాంచె నడిస్తే గ్లాసులో నీళ్లు వణుకుతాయి. మా చుట్టూ నడిచేవాటి మోత ఎట్లా ఉండేదంటే, వెయ్యి ఏనుగులు ఇనుప చెప్పులు వేసుకుని రేకుల కప్పు మీద తాళం తప్పకుండా చిందులేసినట్టు. ఇదిగో, ఏనుగులు వచ్చాయి. సగం తగ్గించుకుని చదువుకోండి, అయినా మీ చెవులు పోతాయి. మా బాపుకు, అంటే నాన్నకు, పోయాయి. బాపు సాంచెలు నడిపేవాడు. కార్ఖానాలో ఎవరి మాటా ఎవరికీ వినిపించదు, ఎదుటివాడి పెదాలు చూసి మాట పట్టుకోవాలి. ఆ అలవాటు ఇంటికీ వచ్చేసింది. మేం బాపుతో ఏం చెప్పాలన్నా ఎదురుగా నిలబడి మూతి చూపించి మాట్లాడాలి. గొంతు లేకుండా మూతి ఆడించినా చాలు, వినేవాడు. వెనకనుంచి పిలిస్తే మాత్రం దేవుడు పిలిచినా పలికేవాడు కాదు.

ఆ మోతలోనే మళ్లీ తమ్ముడు పుట్టాడు.

పురుటి స్నానం అయిన రోజే అవ్వ బాపుకు ఎదురుగా నిలబడింది. మూతి బాగా కనిపించేటట్టు కొంగు పక్కకు తీసుకుంది.

"వీని ముఖం నాకు కావాలె. ఫోటో దించాలె. ఎప్పుడో కాదు, గిప్పుడే."

నాయినమ్మ చేతిలోని చాట కింద పడింది. "పచ్చి పసిగుడ్డునా? ఓసి, నీకు ఒక్కడు పోయినా బుద్ధి రాలేదానే?"

"ఒక్కడు పోయిండనే బుద్ధొచ్చింది అత్తమ్మా. వాడు ఎట్లుండెనో నాకు రాత్రిళ్లు యాదికొస్తలేడు. కండ్లు మూసుకుంటె ఆ పొగనే అవుపడ్తంది."

అవ్వ ఆ మాట గట్టిగా అనలేదు. అయినా ఆ ఒక్క మాట మూడు కార్ఖానాల మోతను దాటుకుని వచ్చింది. నాయినమ్మ చాట ఎత్తుకుని, చిందిన బియ్యం గింజ గింజా ఏరింది. చివరికి ఒక షరతు పెట్టింది.

"ఒక్కణ్ని దించద్దు. అందరి కండ్లు వాని మీదనే పడ్తయి. పెద్దోళ్లిద్దరిని పక్కకు కూసోవెట్టుండ్రి. దిష్టి పంచుకుంటరు."

అట్లా మా అన్నకూ నాకూ దిష్టిబొమ్మల ఉద్యోగం దొరికింది. అన్న మగపిల్లవాడు కాబట్టి పక్కన నిలబడతాడు. నేను ఆడపిల్లను కాబట్టి తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను. నాయినమ్మ నన్ను దగ్గరికి పిలిచి, గడ్డం పట్టుకుని, ఉద్యోగంలోని బాధ్యతలు వివరించింది.

"పోరడు నీ ఒళ్లె ఉంటడు. నువ్వు కదిల్తె వాడు కదుల్తడు. వాడు కదిల్తె ముఖం చెరుగుతది. ముఖం చెరిగితె..."

మాట పూర్తి చెయ్యకుండా గోడ వైపు చూసింది. నేనూ చూశాను. దూది పొగ నా వైపు చూసింది.

ఆ క్షణం నుంచి నా ఒంట్లో ఏదీ కుదురుగా లేదు. కదలకూడదు అనుకున్న కొద్దీ నాలో ఇన్ని కదిలే భాగాలున్నాయా అని ఆశ్చర్యం వేసింది. కనురెప్పలు కదులుతున్నాయి. ముక్కుపుటాలు కదులుతున్నాయి. ఊపిరి పీలిస్తే పొట్ట ఊరు దాటి వెళ్లి వస్తోంది. ఒళ్లో తలగడ పెట్టుకుని అభ్యాసం మొదలుపెట్టాను. పంపు దగ్గర నీళ్ల వరసలో కూడా ఖాళీ బకెట్ తమ్ముణ్ణి పట్టుకున్నట్టు పట్టుకుని రాయిలా నిలబడేదాన్ని. వెనకున్న ఆడవాళ్లు "ఏందే పోరీ, గాలి సోకిందా? జరుగు, నీళ్లు పోతున్నయి!" అని తోసేవాళ్లు.

మా అన్న మరాఠీ బడిలో చదివేవాడు. వాడికి నా భయం పెద్ద పండుగ. చీపురుపుల్ల తెచ్చి నా చెవిలో పెట్టేవాడు.

"ఏయ్, హలూ నకోస్, కదలకు! కదిలినవ్! తమ్ముడు ఖతం!"

"నువ్వు పొడిస్తె కదిలిన."

"దిష్టి గూడ గట్లనే పొడుస్తది. మల్ల కూసో."

అన్నం తిన్నప్పటి నుంచి చాయ్ తాగే వేళ దాకా వాడు నా చేతుల్లో తమ్ముణ్ణి ఎన్నిసార్లు చంపాడో లెక్కే లేదు. నిజం తమ్ముడు మాత్రం ఉయ్యాలలో, ఆ వెయ్యి ఏనుగుల నడుమ, హాయిగా నోరు తెరుచుకుని నిద్రపోతూ ఉండేవాడు.

వాడితో ఒక్కటే చిక్కు. శుక్రవారం. మిగతా రోజుల్లో వాడు అంత మంచి పిల్లవాడు చాల్‌లో లేడు. శుక్రవారం వస్తే పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా ఊపిరి తిప్పుకోకుండా ఏడ్చేవాడు. నాయినమ్మ శుక్రవారం గండం అని తేల్చింది. మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసేది. ఆ ఘాటుకు మేమంతా దగ్గి దగ్గి చచ్చేవాళ్లం, గండం మాత్రం నవ్వుతూ కూర్చునేది. శుక్రవారం ఊరికంతా సుట్టీ అని, కరెంటు బందు అని, సాంచెలన్నీ ఆగిపోతాయని మాకు తెలియక కాదు. పెద్దవాళ్లకు శుక్రవారమంటే తలస్నానం, మాంసం, మధ్యాహ్నం నిద్ర. పసివాడికి శుక్రవారమంటే ఏమిటో ఎవరికీ తట్టలేదు.

బాపు బజారుకు వెళ్లి ఫోటో తీసే చాచాను అడిగి వచ్చాడు.

"శుక్రారం తప్ప దించడంట. ఆయన దుకానం కింద సాంచెలున్నయి గద. మిగిలిన దినాలు నేల అదురుతది. నేల అదిరితె పోరని ముఖం చెరుగుతదంట."

నాయినమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "శుక్రారమా? వాడు ఏడ్సేదే శుక్రారం గదరా!"

బాపుకు ఆవిడ మూతి కనిపించలేదు. తువ్వాలు దులుపుకుంటూ వెళ్లిపోయాడు. నేను మూలన తలగడ పట్టుకుని కూర్చున్నదాన్ని, కూర్చున్నట్టే చల్లబడిపోయాను. కదలకుండా ఉండే పిల్లవాణ్ణయితే ఎట్లాగో పట్టుకోవచ్చు. గండంలో ఉన్న పిల్లవాణ్ణి ఎట్లా పట్టుకోవడం?

ఆ శుక్రవారం పొద్దున నాయినమ్మ మా ముగ్గురికీ దిష్టి చుక్కలు పెట్టింది. తమ్ముడికి బుగ్గ మీద పెసరగింజంత. అన్నకు శనగగింజంత. నేను ఆడపిల్లను, దిష్టిలో పెద్ద వాటా నాదే కావాలని, నా చెంప మీద బొగ్గుల దుకాణమే తెరిచింది. ఆవిడ మాత్రం రానంది. గడపలో నిలబడి మమ్మల్ని యుద్ధానికి పంపినట్టు పంపింది.

బయట ఊరు చచ్చిపోయి ఉంది. నడుస్తుంటే నా చెప్పుల చప్పుడు నాకు వినిపించింది. అంతవరకు నా చెప్పులకు చప్పుడుందని నేను గమనించలేదు. ఎవరో వెంబడి వస్తున్నారని వెనక్కి వెనక్కి చూశాను. అవ్వ కొంగు కింద తమ్ముడు గొంతు చించుకుంటున్నాడు, ఆ నిశ్శబ్దంలో వాడి ఏడుపు థానా దాకా వినిపించి ఉంటుంది. కుక్కలు తలెత్తి చూశాయి. కిటికీల్లోంచి నిద్ర చెడినవాళ్లు చూశారు. అన్న నా చెవిలో "గండం మొదలైంది" అన్నాడు. వాడి గొంతు కూడా ఎప్పటిలా లేదు.

చాచా దుకాణం మేడ మీద. చెక్క మెట్లు ఎక్కితే పొడుగాటి గది, పైకప్పులో పెంకుల మధ్య అద్దాలు బిగించి ఉన్నాయి. ఒక గోడకు పెద్ద పరదా. దాని మీద ఒక రాజభవనం, పాలరాతి మెట్లు, చందమామ, ఒక హంస. హంసకు వెనక సగం చెదలు తినేసింది. పరదా ముందు కుర్చీ. కుర్చీకి ఎదురుగా అది. మూడు కాళ్ల మీద నిలబడి, నెత్తిన నల్లగుడ్డ కప్పుకుని, ఒక్క కన్ను. ఆ కంటికి మూత పెట్టి ఉంది. మా పెద్ద తమ్ముడి ముఖం తిన్నది ఇదే. పొట్ట నిండా ఎన్ని ముఖాలున్నాయో అని చూశాను. తోలు ముడతలు పడి, ఊపిరి పీల్చి వదిలిన పొట్టలాగే ఉంది.

చాచా మంచివాడు. ఆయాసం మనిషి. పైకప్పు అద్దాల వైపు వేలు చూపించి, "కరెంట్ నై, లైట్ నై. ఊపర్‌వాలే కా లైట్" అన్నాడు, పైవాడి వెలుగే దిక్కని. వెలుతురు తక్కువ కాబట్టి కంటి మూత తీసి కాసేపు ఉంచాలట. ఎంతసేపు అంటే, దానికి ఆయన దగ్గర గడియారం లేదు. మూత తీస్తూ తన ఊపిరి బిగబడతాడట. ఇక ఆగలేనన్నప్పుడు మూత పెట్టేస్తాడట.

"మేరీ సాంస్ బంద్, తో తుమ్ సబ్ బంద్. హిల్నా నై." నా ఊపిరి ఆగినంతసేపు మీరంతా ఆగాలి అని.

నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. తమ్ముణ్ణి ఒళ్లో పెట్టి, వాడి వీపు నా రొమ్ముకు ఆనించి, తల నా గడ్డం కిందికి వచ్చేటట్టు సర్దారు. అన్న పక్కన నిలబడి కుర్చీ చేతిని పట్టుకున్నాడు. అవ్వా బాపూ ఆ జంతువు పక్కకు వెళ్లి నిలబడ్డారు.

తమ్ముడు ఏడుస్తూనే ఉన్నాడు. ఎర్రగా, ముడతలు పడి, పిడికిళ్లు బిగించి, కాళ్లతో నా పొట్టను తొక్కుతూ. అవ్వ వచ్చి పాలిచ్చింది. రెండు గుక్కలు మింగి మళ్లీ మొదలుపెట్టాడు. చక్కెర నాకించారు. ఊపారు. తట్టారు. చాచా విసిగిపోయి బల్ల సొరుగులోంచి ఒక గిలక తీసి ఆడించాడు.

"గిలక వద్దు!"

అవ్వ అరిచిన అరుపుకు చాచా చేతిలోంచి గిలక జారి, చెక్క నేల మీద దొర్లి దొర్లి ఆగింది. బాపు కూడా ఉలిక్కిపడ్డాడు, చెవులు పనిచెయ్యని బాపు. అవ్వ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. అందరికీ అర్థమైంది. గిలక ఎవరూ ఎత్తలేదు.

చాచా పైకి చూశాడు. అద్దాల మీదికి మబ్బు జరుగుతోంది. "బాదల్ ఆయా తో ఆజ్ నై హోగా" అన్నాడు మెల్లగా, మబ్బు కమ్మితే ఇవాళ కుదరదని. ఇవాళ కాకపోతే వచ్చే శుక్రవారం. వచ్చే శుక్రవారమూ వీడు ఏడుస్తాడు. ఆలోపు ఏమవుతుందో అని అవ్వ అనుకుంటోంది. ఆవిడ ముఖం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. అవ్వ తమ్ముణ్ణి చూడటం లేదు. కంఠస్థం చేస్తోంది.

నాకు వణుకు మొదలైంది.

మామూలు వణుకు కాదు. మోకాళ్లు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. మోకాళ్లను చూసి పళ్లు అందుకున్నాయి. టకటక, టకటక, టకటక. నా దవడ నా మాట వినడం మానేసింది. నా గుండె సంగతి చెప్పను, చెబితే మళ్లీ ఏనుగులు వస్తాయి. నేను వణుకుతున్నాను, వాడు కదులుతున్నాడు, ముఖం చెరిగిపోతుంది, నా ఒళ్లోనే చెరిగిపోతుంది, అనుకుంటూ కళ్లు గట్టిగా మూసుకున్నాను.

కళ్లు మూసుకున్నాక తెలిసింది, ఏడుపు వినిపించడం లేదు.

తెరిచి చూశాను. తమ్ముడు ఆగిపోయాడు. పిడికిళ్లు విడిచాడు. నా గడ్డం కింద వాడి తల బరువుగా, వెచ్చగా ఆనుకుంది.

"ఏం జేసినవే?" అంది అవ్వ.

"నేనేం జెయ్యలె అవ్వా. భయమైతంది."

బాపు ముందుకు వచ్చాడు. ఆయనకు నా పళ్ల చప్పుడు వినిపించలేదు. నా మూతి కనిపించింది. కార్ఖానాలో దూరం నుంచి సాంచెను చూసి అది సరిగ్గా నడుస్తున్నదో లేదో చెప్పే కళ్లు అవి. ఆ కళ్లతో నా దవడను చూసి పకపకా నవ్వాడు.

"సాంచె! ఇది సాంచె నడిపిస్తంది! పోరనికి సాంచె సప్పుడు లేక బుగులైతందే. వాడు పుట్టినకాడికెల్లి గా సప్పుడే విన్నడు గద!"

గండం అంటే అదే. వారమంతా వాడికి తల్లి గుండెలా కొట్టుకుంటున్న ఊరు శుక్రవారం చప్పున ఆగిపోయేది, వాడు ప్రాణం పోయినట్టు ఏడ్చేవాడు.

కానీ బాపు నవ్వడంతో నా వణుకు ఆగింది. వణుకు ఆగగానే వాడు మళ్లీ ఏడుపు అందుకున్నాడు. బాపు రెండు చెక్కముక్కలు తీసుకుని టకటకా కొట్టాడు. తమ్ముడు ఏడుపు ఆపి, తల తిప్పి బాపు వైపు చూశాడు. అవ్వ వెంటనే "వద్దు, తిరుగుతండు!" అంది. అటు కొడితే అటు తిరుగుతాడు, వెనక కొడితే తల వెనక్కి వాలుస్తాడు. గిలక గతే. చప్పుడు వాడు ఆనుకున్న చోటునుంచే రావాలి. మోకాళ్లతో చేస్తే వాడూ అదురుతాడు. ఇక మిగిలింది నా నోరు.

"నువ్వే చెయ్యవే" అంది అవ్వ. "నోటితోని. సాంచె లెక్క."

చాచా తల అడ్డంగా ఊపాడు. "బచ్చీ కా ముహ్ హిలేగా."

అన్న తల తిప్పకుండా, పెదవి చివరినుంచి నాకు తెలుగు చేసి చెప్పాడు. వాడి ముఖంలో ఈసారి ఆట లేదు.

"నీ మూతి కదుల్తది. నీ మూతి చెరుగుతది."

చెరిగితే ఏమవుతుందో వాడు అనలేదు. నేనూ అడగలేదు.

నేను కింద చూశాను. నా గడ్డం కిందే తమ్ముడి మాడ. అక్కడ ఎముక ఇంకా కూడలేదు, పల్చటి చర్మం కింద ఏదో పైకీ కిందికీ కొట్టుకుంటోంది. కొబ్బరినూనె, పాలు, తడిసిన మెత్త గుడ్డ వాసన వచ్చింది. ఆ వాసన నాకు తెలుసు.

దీన్ని ధైర్యం అనుకోకండి. అప్పుడు నా దగ్గర రెండు భయాలున్నాయి, ధైర్యం ఒక్కటీ లేదు. పెద్ద భయం చిన్నదాన్ని మింగేసింది, అంతే. ఏది పెద్దదో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. నోరు తెరిచాను.

"ఖట్. ఖటా ఖట్. ఖట్. ఖటా ఖట్."

తమ్ముడు ఆగాడు. చాచా నల్లగుడ్డలోంచి బయటికి వచ్చి, పెద్ద ఊపిరి తీసి, మూత తీశాడు. ఆ ఒంటికన్ను నన్ను చూసింది. నా మోకాళ్లు చూసుకోలేదు, చేతులు చూసుకోలేదు, నా ప్రాణమంతా పళ్లల్లోకి, నాలుకలోకి తెచ్చుకుని సాంచె నడిపాను. చాచా ముఖం ఎర్రబడింది, తర్వాత వంకాయ రంగు తిరిగింది. వానాకాలం వచ్చి పోయింది, చలికాలం వచ్చింది, భివండీలో పిల్లలు పెద్దవాళ్లై పెళ్లిళ్లు చేసుకున్నారు, చాచా ఇంకా ఊపిరి వదలడం లేదు. నా నాలుక మీద చెమట పట్టింది. తమ్ముడు కళ్లు విప్పి, తిన్నగా, పెద్దమనిషిలా ఆ జంతువు కంట్లోకి చూశాడు.

మూత పడింది. చాచా కుర్చీలో కూలబడి దగ్గాడు.

ఆ రోజు నేను చావలేదు. మర్నాడూ చావలేదు. అయితే ఫోటో ఇంకా రాలేదు కాబట్టి, కాగితాలు అందాక చావు బయలుదేరుతుందని అనుకున్నాను. రోజూ లేవగానే ఇత్తడి చెంబులో మూతి ఉందో లేదో చూసుకునేదాన్ని. చెంబులో అది చెవుల దాకా సాగి, గుమ్మడికాయంత కనిపించేది. ఉన్నంతలో పొదుపుగా వాడుకుందామని మాట్లాడటం తగ్గించాను. ఇంట్లో అందరూ భయపడ్డారు. అన్న నా పక్కన చేరాడు.

"నువ్వు పోతె నీ పలక నాకిస్తవా?"

"ఇయ్య."

"పోయినంక దాన్తోని నువ్వేం జేస్తవ్?"

నేను పలకను దగ్గరికి లాక్కున్నాను. కాసేపు ఇద్దరం పలక వైపు చూస్తూ కూర్చున్నాం. తర్వాత వాడు తన గోళీలన్నీ తెచ్చి నా ఒళ్లో పోశాడు. వాడు నాకు గోళీలు ఇచ్చాడంటే నా పని అయిపోయినట్టే.

ఫోటో వచ్చింది. బాపు అట్ట విప్పి అవ్వ చేతిలో పెట్టాడు. తమ్ముడి ముఖం కడిగిన ముత్యంలా ఉంది. కనుబొమల మీద నూగు, పై పెదవి మీద పాలచుక్క, బుగ్గ మీద పెసరగింజ చుక్క, ఏదీ పోలేదు. అవ్వ వేలితో ఆ ముఖం చుట్టూ తాకకుండా గీసింది. ఏడవలేదు, నవ్వలేదు. "గిట్లనే ఉన్నడు" అంది. ఫోటోలో అన్న కళ్లు మూసుకుని తపస్సులో ఉన్నాడు. నాకు కళ్లున్నాయి, ముక్కుంది, బొగ్గుల దుకాణం ఉంది. ముక్కు కింద నుంచి గడ్డం దాకా దూది పొగ.

బాపు ఫోటోను దూరంగా పట్టుకుని చూశాడు. "ఫోటోల ఏమంటున్నవ్ బిడ్డా? నాకైతె వినవడ్తలేదు" అని నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. నాయినమ్మ ఫోటో చూసింది, నన్ను చూసింది, గోడ చూసింది. లేచి, నా అన్నంలో నెయ్యి వేసింది. మర్నాడు నా జబ్బకు తాయెత్తు కట్టింది. పడుకునేటప్పుడు నన్ను గట్టిగా పట్టుకుని పడుకుంది. అంతకు ముందు ఆవిడ నన్ను తిట్టని రోజు లేదు. తిట్టడం మానేసి నెయ్యి వెయ్యడం మొదలుపెట్టిందంటే విషయం ఎంత దూరం వెళ్లిందో నాకు తెలిసిపోయింది.

మళ్లీ శుక్రవారం వచ్చింది. సాంచెలు ఆగాయి. ఉయ్యాలలో తమ్ముడు అందుకున్నాడు. అవ్వ పొయ్యి దగ్గర నుంచి కేకేసింది.

"ఇటు రావే, జర సాంచె కొట్టు."

నేను మూతి బిగించుకుని తల అడ్డంగా ఊపాను.

"ఏమైందే?"

అవ్వ వచ్చి నా ముందు కూర్చుంది. గొంతు లేకుండా, బాపుతో మాట్లాడినట్టు మూతితోనే చెప్పాను: నేను పోత గద.

అవ్వ నన్ను చూసింది. తర్వాత నాయినమ్మను చూసింది. నాయినమ్మ గోడ వైపు తిరిగింది. అప్పుడు అవ్వ లేచి, గోడలోని తాకులోంచి కాటుక డబ్బీ తీసింది. చీపురునుంచి ఒక పుల్ల విరిచింది. కొత్త ఫోటో దించి ఒళ్లో పెట్టుకుని, నాలుక పంటికింద పట్టుకుని, ఆ దూది పొగ మీద నాకు మూతి గీసింది. మెల్లగా, ఒక చివర నుంచి ఇంకో చివరికి. కొంచెం వంకరగా, ఒకవైపు పైకి లేచి, దేనికో నవ్వు ఆపుకుంటున్నట్టు వచ్చింది.

"ఇగో, నీ మూతి. చెరిగింది మల్ల పెట్టిన. ఇగ ఏడికి పోతవ్?"

నాయినమ్మ మెడ చాచి చూసింది. "గంత పెద్దదా?"

"దీనిది గంతనే ఉంటది అత్తమ్మా."

నాయినమ్మ దగ్గరికి వచ్చి, ఫోటో వెలుతురుకు పట్టి, నా అసలు మూతితో పోల్చి చూసింది. ఆవిడ ముఖంలో ఎన్నో రోజుల తర్వాత పాత చిరాకు కనిపించింది. "గీ మూతిని సూస్తె సావు గూడ గడప దాటదు, పారిపోతది" అంది. ఇక నెయ్యి ఆగిపోతుందని అప్పుడే అర్థమైంది. నాకు ఎంత హాయి అనిపించిందో చెప్పలేను.

అవ్వ చేతిలో కాటుకపుల్ల ఇంకా ఉంది. ఆవిడ దాన్ని పట్టుకుని గోడ మీది పెద్ద తమ్ముడి ఫోటో ముందుకు వెళ్లింది. టోపీ కింద, సిల్కు చొక్కా పైన, ఆ పొగకు దగ్గరగా పుల్ల తీసుకుపోయి ఆగింది. ఎక్కడ కన్ను, ఎక్కడ మూతి అని వెతుక్కుంటున్నట్టు చాలాసేపు నిలబడింది. తర్వాత అవ్వ పుల్లను కొంగుకు తుడిచేసి, కాటుక డబ్బీ మూత పెట్టింది.

ఉయ్యాలలో తమ్ముడు ఆపలేదు.

"కొట్టవే" అంది అవ్వ, అటు తిరిగే.

నేను వేళ్లతో నా మూతి తడుముకుని చూసుకున్నాను. ఉంది. ఉయ్యాల పట్టుకుని వంగి, వాడి మాడకు దగ్గరగా, ఇంకా కొంచెం భయంగానే మొదలుపెట్టాను.

"ఖట్. ఖటా ఖట్."